వదులుతారా, రెట్టింపు చేస్తారా?

చిరంజీవులైన మనుమలకు, మనుమరాండ్రకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవుల్లో టీవీలో కోటి రూపాయల ప్రశ్న వచ్చినప్పుడు, వ్యాఖ్యాత కావాలనే జవాబు చెప్పడం ఆలస్యం చేస్తుంటే మీరు గోళ్లు కొరుక్కోవడం చూశాను. ఆ ఉత్కంఠను ఇటలీ ప్రజలకు అలవాటు చేసిన టీవీ వ్యాఖ్యాత మైక్ బొంజోర్నో గురించి రాస్తున్నాను.

ఆయన 1924లో న్యూయార్క్‌లో పుట్టి, తల్లి పుట్టినూరైన, ఇటలీలోని తూరిన్‌లో పెరిగారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నాజీలను ఎదిరించే రహస్య దళాలకు సాయపడుతూ పట్టుబడి, మిలాన్‌లోని సాన్ విత్తోరే జైలులోను, ఆపై జర్మన్ల నిర్బంధ శిబిరాలలోను మగ్గి, అమెరికా పౌరుడు కావడం వల్ల ఖైదీల మార్పిడిలో బయటపడ్డారు. తరువాతి కాలంలో ప్రేక్షకులను ఆయన పలకరించిన మాట ‘అల్లెగ్రియా’, అంటే ఉల్లాసం!

1954 జనవరి 3న ఇటలీ ప్రభుత్వ టెలివిజన్ నిత్య ప్రసారాలు మొదలైన రోజే ఆయన తెరమీదికి వచ్చారు. మరుసటి ఏడాది చివర ఆరంభమైన ప్రశ్నల పోటీ పేరుకు ‘వదులుతారా, రెట్టింపు చేస్తారా’ అని అర్థం. తమకు పట్టున్న విషయాన్ని ఎంచుకున్న పోటీదారులు, గెలిచిన సొమ్ముతో ఇంటికి వెళ్లాలో, దాన్నే పణంగా పెట్టి తరువాతి ప్రశ్నకు నిలబడాలో తేల్చుకోవాలి. టీవీలు కొద్ది ఇళ్లలోనే ఉన్నందున, మా చిన్నతనంలో పంచాయతీ రేడియో చుట్టూ మేము చేరినట్లే, జనం కాఫీ దుకాణాలలో గుమిగూడేవారు. శనివారపు ఆటలకు జనం రావడం లేదని సినిమాహాళ్ల యజమానులు మొత్తుకోవడంతో ఆ పోటీ ప్రసారాన్ని గురువారానికి మార్చారు. అప్పుడు కొన్ని హాళ్లు సినిమాను ఆపి ఆ పోటీనే చూపించాయి! 1959లో అమెరికా సంగీతకారుడు జాన్ కేజ్ అందులో పుట్టగొడుగుల మీద జవాబులు చెప్పి యాభై లక్షల లీరాలు (నాటి ఇటలీ డబ్బు) గెలిచారు.

అప్పుడప్పుడు సినిమాలలోనూ కనిపించిన బొంజోర్నో, 1956లో హాస్యనటుడు తోతో చిత్రంలో తన పాత్రను తానే వేశారు. బొంజోర్నో ముందు ఏ ప్రేక్షకుడూ తనను తక్కువగా భావించుకోడు కనుకనే జనం మెచ్చుకుంటున్నారని 1961లో ఇటలీ రచయిత ఉంబెర్తో ఎకో ఒక వ్యాసంలో ఎత్తిపొడిచారు. ఆ వెటకారం కాస్త ఎక్కువేనని నా అభిప్రాయం. తెలియనిది తెలియనట్లే అడిగే మనిషి ఎదురుగా ఉంటేనే కదా, పోటీకి వచ్చిన సామాన్యుడు పండితుడిలా వెలిగేది!

1970లలో మరో పోటీతో అంతే పేరు పొంది, ఆ దశాబ్దం చివర ప్రైవేటు టెలివిజన్ వైపు మళ్లారు. సాన్‌రేమో పాటల పండుగను పదకొండుసార్లు నడిపారు. 2009 సెప్టెంబరు 8న మోంటే కార్లోలో మరణించినప్పుడు, ఏ పదవీ లేని ఆ వ్యాఖ్యాతకు మిలాన్ మహా చర్చిలో ప్రభుత్వ లాంఛనాలతో వీడ్కోలు పలికారు.

ఇట్లు,
మీ తాతయ్య