గడపకి తగిలేది వెనక కాలే

పర్లాకిమిడిలో మా పాత ఇంటి వీధి గడప జానెడుకి కాస్త తక్కువ ఎత్తు. శుక్రవారం శుక్రవారం దానికి పసుపు రాసి, బొట్లు పెట్టిన నాయనమ్మ చివరికి దాన్నే తన్నుకుని పడింది. తుంటి ఎముక విరిగింది. "కుడికాలు లోపల పెట్టీసేన్రా, ఎడంకాలే రాలేదు" అంది మంచం మీద. ఆ మాటలో ఎంత శాస్త్రం ఉందో నాకు చాలా ఏళ్లకి గానీ తెలియలేదు.

గడప దాటేటప్పుడు ముందు కాలు కంటికి ఆనుతుంది. వెనక కాలు లేచే వేళకి గడప చూపులోంచి తప్పుకుంటుంది. ఇందాక చూసిన గుర్తు మీదే మెదడు ఆ కాలిని ఎత్తించాలి. ప్రయోగశాలలో అడ్డుకర్ర పెట్టి నడిపించినప్పుడూ ఎక్కువగా తగిలేది వెనక కాలే.

చదును నేల మీద నడిచేటప్పుడు బొటనవేలు నేలకి ఒకటి రెండు సెంటీమీటర్ల ఎత్తులోనే సాగిపోతుంది. అడ్డం వస్తే దానికి పైన మరో 10 సెంటీమీటర్ల దాకా ఖాళీ ఉంచుకుంటాం. 1991లో మిషిగన్ విశ్వవిద్యాలయంవాళ్లు కొలిచి చూస్తే, ఆరోగ్యంగా ఉన్న వృద్ధులు కాలు ఎత్తడంలో కుర్రవాళ్లకి తీసిపోలేదు. కాకపోతే నెమ్మదిగా దాటారు, అడుగు చిన్నదైంది, దాటిన మడమ అడ్డానికి మరీ దగ్గరగా పడింది. నెమ్మదంటే జాగ్రత్తే అనుకుంటాం. కానీ ఎంత నెమ్మదైతే అంతసేపు ఒంటికాలి మీద నిలవాలి. ఆ కాసేపట్లోనే ఒళ్లు పక్కకి ఒరుగుతుంది. పక్కకి పడితే దెబ్బ నేరుగా తుంటికే.

కాలు తగిలినంత మాత్రాన పడిపోం. రెండో కాలు చటుక్కున ముందుకి వేసి ఆపుకోగలిగితే చాలు. ఆ చటుక్కుతనం ఇచ్చే వేగపు కండర పోగులే వయసుతో ముందుగా సన్నబడతాయి. లోపలి చెవిలో తూకం చెప్పే కణాలు తగ్గుతాయి, సుగరు ఉంటే అరికాలికి నేల సరిగా తెలియదు. చదవడానికీ దూరానికీ కలిపి ఇచ్చిన కళ్లద్దాల కిందిభాగం సరిగ్గా గడప ఉన్నచోటే మసక చూపిస్తుంది. పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా 6,84,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అందులో పెద్దవాళ్లే ఎక్కువ.

1997లో స్వీడన్ పరిశోధకులు ఒక సంగతి గమనించారు. నడుస్తూ మాట్లాడలేక ఆగిపోయే వృద్ధులు తర్వాతి ఆరు నెలల్లో పడే అవకాశం ఎక్కువట. నడకకే మనసంతా కావలసివస్తోందన్నమాట. అందుకే గడప మీదున్న పెద్దల్ని లోపల్నించి పలకరించకండి. రెండు కాళ్లూ లోపలికి రానివ్వండి.

కాళ్లకీ తూకానికీ కలిపి చేసే వ్యాయామంతో పడిపోవడాలు దాదాపు నాలుగో వంతు తగ్గుతాయని ఎన్నో ప్రయోగాలు కలిపి చూస్తే తేలింది. ఈ మాట విన్నాక మా మేనత్త రోజూ పొద్దున్నే ద్వారబంధం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడుతోంది. ఒరియా బడిలో చదివిన మనిషి కనక లెక్క మాత్రం అందులోనే: ఎకొ, దుయి, తిని... దొశొ దాకా వచ్చాక కాలు మారుస్తుంది.