కుళ్లిన గుమ్మానికి సముద్రం మీద నేరమా?

విశాఖలో బాత్రూమ్ గుమ్మం అడుగున మెత్తబడిందంటే చాలు, పక్కింటివాళ్ల దగ్గర్నుంచి వడ్రంగి దాకా అందరిదీ ఒకటే తీర్పు: "సముద్రపు గాలి కదండీ, ఏ కర్రా నిలవదు." పాత ముక్క కోసేసి కొత్తది అతికిస్తారు. కొన్ని వానాకాలాలు తిరిగేసరికి మళ్లీ అదే మూల, అదే మెత్తదనం.

ఉప్పుగాలి కిటికీ గ్రిల్స్‌ని తింటుంది, మేకుల్ని తింటుంది. చెక్కను కుళ్లబెట్టేది మాత్రం శిలీంధ్రం. దాని బీజాలు సముద్రం లేని హైదరాబాద్ గాలిలోనూ తిరుగుతుంటాయి. వాటికి కావలసింది తడి. చెక్కలో తేమ, దాని పొడి బరువులో 20 శాతం లోపు ఉన్నంతకాలం శిలీంధ్రం ఏమీ చేయలేదు. 30 శాతం దాటితే దానికి పండగే. గాలిలో తేమ 75, 80 శాతం ఉన్న రోజుల్లో కూడా చెక్క ఆ గాలి నుంచి పీల్చుకునేది 14, 16 శాతం దగ్గర ఆగిపోతుంది. కాబట్టి ఒట్టి గాలికి గుమ్మం కుళ్లదు. ఎక్కడో నీళ్లు దిగుతున్నాయి.

ఎక్కడంటే, చాలాసార్లు కాళ్ల దగ్గరే. గుమ్మం నిలువు చెక్కల కోసిన చివర్లు గచ్చులో దిగి ఉంటాయి. కర్రలో నీరు అడ్డంగా ఇంకడం కన్నా పోగుల వెంట ఎక్కడం చాలా వేగం. పైన ఎనామిల్ పెయింట్ నిగనిగలాడుతుంటుంది. లోపలి తడి ఆరకుండా చేసేది ఆ పెయింటే. అనుమానం ఉంటే అడుగున స్క్రూడ్రైవర్‌తో పొడిచి పైకి ఎత్తి చూడండి. గట్టి చెక్క పొడవాటి పేళ్లుగా లేస్తుంది. కుళ్లింది పుటుక్కున విరుగుతుంది. లోపల ముదురు గోధుమ రంగులో చిన్న చిన్న చదరాలుగా పగిలి ఉంటే, ఒక చదరం తీసి వేళ్ల మధ్య నలపండి. పొడి రాలుతుంది.

చెక్కలో సెల్యులోజ్ పోగులు స్లాబులోని ఇనుప చువ్వల్లాంటివైతే, లిగ్నిన్ చుట్టూ ఉన్న కాంక్రీటు. గోధుమ కుళ్లు తెచ్చే శిలీంధ్రం చువ్వల్ని తినేసి కాంక్రీటును వదిలేస్తుంది. దాని ఎంజైములు చెక్క కణాల గోడల్లోకి దూరలేనంత పెద్దవి. అందుకని అది ముందు హైడ్రోజన్ పెరాక్సైడ్‌నీ ఇనుమునూ కలిపి మహా చురుకైన రసాయన అణువులను పుట్టించి, వాటితో పోగులను ముక్కలు చేయిస్తుంది. దీనివల్ల, చెక్క బరువు పదో వంతు తగ్గేలోపే దెబ్బకు తట్టుకునే బలం సగానికి పైగా పోతుంది. తెల్ల కుళ్లు శిలీంధ్రాలు లిగ్నిన్‌నీ వదలవు. లిగ్నిన్‌ని విరగ్గొట్టే వాటి ఎంజైము శాస్త్రవేత్తలకు 1983లో గానీ దొరకలేదు.

"మేం టేకే వేయించామండీ" అనేవాళ్లుంటారు. టేకు చేవలో శిలీంధ్రానికి గిట్టని రసాయనాలున్న మాట నిజమే. అదే చెట్టు అంచుల్లోని తెల్ల చెక్కలో ఆ రక్షణ లేదు. లేత ప్లాంటేషన్ టేకులో తెల్ల చెక్కే ఎక్కువ, దుకాణంలో మాత్రం అన్నిటికీ టేకు పేరే. నన్నడిగితే చెక్క మార్చేముందు ప్లంబర్‌ని పిలవాలి. లీకు ఆపించి, గుమ్మం కాళ్లను నేల మీద కాకుండా గ్రానైట్ దిమ్మ మీద నిలబెట్టి, కోసిన చివర్లకు మందు బాగా పట్టించాలి. బోరాక్స్, బోరిక్ ఆసిడ్ మందు చవక, కానీ నీళ్లకు కరిగిపోతుంది. వాన తగిలే చోట పనికిరాదు.

నీళ్లకు కరగని మందు కనిపెట్టినాయన మన సొంటి కామేశం గారు. 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపి ఆ మందు చేశారు. రాగి శిలీంధ్రాన్ని చంపుతుంది, ఆర్సెనిక్ చెదల్ని చంపుతుంది, క్రోమియం ఆ రెంటినీ చెక్కకు అంటిపెట్టుకునేలా చేస్తుంది. ప్రపంచమంతటా కరెంటు స్తంభాలు దీనితో దశాబ్దాలు నిలిచాయి. ఆర్సెనిక్ భయంతో అమెరికాలో 2003 చివరి నుంచి ఇళ్ల కలపకు వాడటం మానేశారు.

సముద్రానికి నేరం అంటగట్టాలంటే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లాలి. నీళ్లలో పూర్తిగా మునిగిన కర్రకు గాలి అందదు గనక ఇంట్లో చూసే శిలీంధ్రాలు అక్కడ బతకవు. ఆ లోటు ఓడపురుగు తీరుస్తుంది. పేరుకే పురుగు, నిజానికి ఆల్చిప్పల బంధువు. పిల్లగా ఉన్నప్పుడు గుండుసూది తలంత రంధ్రంలోంచి దూరి, లోపలే పెరిగి సొరంగాలు తవ్వుతుంది. మొప్పల్లోని బ్యాక్టీరియా దానికి కర్రను అరిగించిపెడతాయి. పైకి పడవ బాగానే కనిపిస్తుంది, లోపల జల్లెడ. బెంగళూరు కలప పరిశోధన సంస్థ ఈ రకం జీవుల కోసమే విశాఖలో ఒక కేంద్రం నడిపింది. తెప్పను ఒడ్డుకు లాగి ఎండబెట్టడం కూడా మంచి మందే, ఎండితే పురుగు చస్తుంది.

నిలబడి ఉన్న చెట్లకు వేరే దారి, గాయం. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్‌ లాంటి తుఫాను కొమ్మను చీల్చేస్తే, ఆ చీలిక లోంచి శిలీంధ్రం మధ్య కర్రలోకి దిగుతుంది. చెట్టు మొదలు దగ్గర గట్టిగా, గోధుమ ఎరుపు రంగులో, మెరిసే పుట్టగొడుగు కనిపిస్తే అది గానోడెర్మా అనే శిలీంధ్రం కావచ్చు. అప్పటికే వేళ్లు కుళ్లి ఉంటాయి. విరిగిన కొమ్మను మానుకు చెక్కేసినట్టు కోయకూడదు, మోడు వదలకూడదు. కొమ్మ మొదట ఉబ్బెత్తుగా ఉండే మెడకు సరిగ్గా బయట కోస్తే, చెట్టు తానే ఆ చుట్టూ గోడ కట్టుకుంటుంది. తొర్రలో సిమెంటు నింపడం, కోసిన చోట పెయింట్ పూయడం అనవసరం. బాత్రూమ్ గుమ్మంలాగే, తడి లోపల చిక్కుకుంటుంది.