సగం మంది బాగుందన్నారు, సగం మంది నిద్రొచ్చిందన్నారు: తొలి ఆల్బమ్‌పై అపోహలు - వాస్తవాలు

భీమవరంలో నా పని పాటల మిక్సింగ్, అంటే విడివిడిగా రికార్డు చేసిన గొంతుల్నీ వాయిద్యాల్నీ సరిచూసి ఒక పాటగా కలపడం. భక్తి పాటలు, పెళ్లి పాటలు, ప్రైవేట్ సాంగ్స్ అన్నీ చేస్తాను. కోనసీమకు చెందిన ఒక అక్కా తమ్ముడు ఈ మధ్య తమ మొదటి పాప్ ఆల్బమ్ విడుదల చేశారు. రాసిందీ, ట్యూన్ కట్టిందీ, పాడిందీ వాళ్లే. మిక్సింగ్ వేరే ఊళ్లో చేయించుకున్నారు. విన్నవాళ్లలో కొందరు తెగ మెచ్చుకున్నారు, కొందరు "నిద్రొచ్చింది" అనేశారు. ఇద్దరూ బాగా టెన్షన్ పడి, ఏం చేయాలో అడగడానికి నా దగ్గరకు వచ్చారు. కొత్త గాయకులు చాలామందిలో ఇవే భయాలు, ఇవే అపోహలు చూస్తున్నాను కాబట్టి రాస్తున్నాను.

అపోహ: మిశ్రమ స్పందన వచ్చిందంటే ఆల్బమ్ పోయినట్టే

కాదు. చుట్టాలు, స్నేహితులు మాత్రమే విన్న ఆల్బమ్‌కి మిశ్రమ స్పందన రాదు. వాళ్లంతా "సూపర్" అంటారు, అక్కడితో అయిపోతుంది. బాగోలేదనే మాట మీ చెవిన పడిందంటే పాట మీరెవరో తెలియనివాళ్ల దాకా వెళ్లిందన్నమాట. మొదటి ఆల్బమ్‌కి అది చిన్న విషయం కాదు.

వచ్చిన మాటల్ని నేను మూడు రకాలుగా విడదీయమంటాను. సౌండ్ గురించి అన్నవి, పాట గురించి అన్నవి, అసలు ఈ తరహా సంగీతమే వద్దన్నవి. మూడో రకాన్ని పక్కన పెట్టేయండి. ఊరేగింపులో డీజే పాటకి గంతులేయాలనుకునే కుర్రాడికి గిటారు మీద నెమ్మదిగా సాగే పాట నచ్చకపోతే తప్పు ఎవరిదీ కాదు. పని చెప్పేవి మొదటి రెండే.

అపోహ: పాట బాగుంటే దేంట్లో విన్నా బాగుంటుంది

ఈ ఆల్బమ్ మీద వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలాయి. మిక్స్‌లో అక్క గొంతు పూర్తిగా ఎడమకి, తమ్ముడి గొంతు పూర్తిగా కుడికి పెట్టారు. హెడ్‌ఫోన్స్‌లో వింటే అద్భుతం, ఇద్దరి మధ్యా కూర్చున్నట్టే ఉంటుంది. మెచ్చుకున్నవాళ్లు ఎవరని ఆరా తీస్తే చాలామంది హైదరాబాద్, బెంగళూరు హాస్టళ్లలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నవాళ్లు.

ఇక్కడ వినే తీరు వేరు. వైరు ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుని పనిచేసుకునేవాళ్లున్నారు. వాళ్లకి రెండో గొంతు లేనట్టే. ఒక స్పీకరే మోగే ఆటోలోనూ అంతే. చిన్న బ్లూటూత్ బాక్సులు చాలావరకు ఎడమ, కుడి రెండూ కలిపి మోనోలో వినిపిస్తాయి. తోడబుట్టినవాళ్ల గొంతుల్లో పోలిక ఎక్కువ. రెండూ ఒకచోట చేరేసరికి ఎవరు ఏ లైను పాడుతున్నారో తెలియదు. వెడల్పుగా పరిచిన రీవర్బ్ (గొంతుకి చేర్చే ప్రతిధ్వని), కీబోర్డ్ పలచబడి కొంత మాయమైపోతాయి కూడా. ఇక రొయ్యల చెరువు గట్టు మీద రాత్రి కాపలా ఉండే మనిషి ఫోన్ స్పీకర్‌లో వింటాడు, పక్కన చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు తిరుగుతుంటాయి. ఆ నీటి హోరులో గుసగుసగా పాడిన పల్లవి ఏం వినబడుతుంది? ఫోన్ స్పీకర్లు 200 హెర్ట్జ్ కింద ఉండే లోతైన స్వరాల్ని పలికేది చాలా తక్కువ కాబట్టి బేస్ గిటారు కూడా పోతుంది. బేస్ మీదే నడిచే పాట అతనికి నిజంగానే నీరసంగా ఉంటుంది. అతను అబద్ధం చెప్పలేదు, వేరే పాట విన్నాడు.

దీనికి మందు ఉంది. అసలు గొంతులు రెండూ మధ్యకి తెచ్చి, హమ్మింగులు మాత్రం పక్కలకి పంపాలి. బేస్‌కి కొంచెం పై స్వరాల గరుకు కలిపితే ఫోన్‌లో కూడా దాని నడక తెలుస్తుంది. మిక్స్ అయ్యాక మోనోలో ఒకసారి, మామూలు ఫోన్‌లో ఒకసారి వినకుండా ఫైల్ ఇవ్వకూడదు.

అపోహ: సౌండ్ గట్టిగా పెడితేనే జనం వింటారు

పాటలు వినే యాప్ స్పాటిఫై తన మామూలు సెట్టింగ్‌లో పాటలన్నిటినీ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినబడుతుందో చెప్పే కొలత) స్థాయికి సర్దుతుంది. చివరి ఫైల్ తయారుచేసేటప్పుడు (మాస్టరింగ్‌లో) హెచ్చుతగ్గుల్ని నొక్కి అంతకు మించి గట్టిగా చేసినా అది తగ్గించేస్తుంది. నొక్కడంలో పోయిన హెచ్చుతగ్గులు మాత్రం తిరిగి రావు.

అపోహ: మాటలు అర్థం కాలేదంటే మిక్సింగ్ లోపమే

సగమే నిజం. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ఇప్పటి పాప్ పద్ధతిలో ఊపిరి కలిపి మెత్తగా పాడేటప్పుడు ఆ చివరి అచ్చునే మింగేస్తున్నారు. అది పోతే ఒక మాట ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలైందో చెవికి అందదు. రెండోది, ట్యూన్ ముందు కట్టి మాటలు తర్వాత ఇరికించినప్పుడు హ్రస్వం మీద దీర్ఘం వచ్చి పడుతుంది. "పడవ" కాస్తా "పడావ" అయితే గోదావరి ఒడ్డున పుట్టినవాళ్లకి వెంటనే గుచ్చుకుంటుంది. ఈ ఆల్బమ్‌లో మూడో పాటకి సొంత ఊరివాళ్ల నుంచే గట్టి విమర్శ వచ్చింది. నాకది న్యాయంగానే అనిపించింది. దాన్ని ఏ మిక్సింగూ బాగు చేయలేదు, మళ్లీ పాడాల్సిందే.

అపోహ: నంబర్ చూస్తే నచ్చిందో లేదో తెలిసిపోతుంది

స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక స్ట్రీమ్, అంటే ఒకసారి విన్నట్టు లెక్క. ఈ ఆల్బమ్ మొదటి పాటలో గొంతు రావడానికి ముందు నర్సాపురం రేవులో జనాన్ని గోదావరి దాటించే పంటు చప్పుళ్లు చాలాసేపు నడుస్తాయి. నాకు ప్రాణం ఆ చప్పుళ్లంటే. కానీ అవి పూర్తికాకుండానే వెళ్లిపోయినవాడు పాటని కాదనలేదు, పాట దాకా రాలేదు. కాబట్టి ఒకే మనిషి ఎన్నిసార్లు విన్నాడు, ఎంతమంది సేవ్ చేసుకున్నారు అన్నది చూడండి. డబ్బు సంగతి కూడా చెప్పాలి: 2024 నుంచి ఒక పాటకి గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీములు లేకపోతే స్పాటిఫై ఆ పాటకి రాయల్టీ లెక్కకట్టదు.

అపోహ: సినిమా పాట కాకపోతే తెలుగువాళ్లు వినరు

విజయవాడ రేడియో స్టేషన్ 1948 డిసెంబర్ 1న మొదలైంది. సినిమాతో సంబంధం లేని లలిత గీతాల్ని రేడియో ఇంటింటికీ తెచ్చింది. ఆ సంగీతాన్ని పెంచినవారిలో ముందుండే బాలాంత్రపు రజనీకాంతరావు గారు మన నిడదవోలులోనే పుట్టారు. జనం విన్నారు, నేర్చుకున్నారు, స్కూళ్లలో పాడారు. సినిమా పాటకి హీరో, తెర, థియేటర్ తోడుంటాయి. ప్రైవేట్ పాటకి అవేవీ ఉండవు కాబట్టి అలవాటు కావడానికి ఎక్కువసార్లు వినబడాలి. అందుకే సంక్రాంతి వారంలో, కోడి పందేల బరుల దగ్గర డీజేలు మోగే రోజుల్లో, ఇలాంటి మెత్తటి ఆల్బమ్ విడుదల చేయవద్దంటాను.

అపోహ: మొదటి ఆల్బమే తలరాత

అమెరికాలో సైమన్, గార్ఫంకెల్ అనే జంట మొదటి ఆల్బమ్ 1964 అక్టోబర్‌లో వచ్చింది. అమ్ముడుపోలేదు, ఇద్దరూ విడిపోయారు. తర్వాత కొన్ని రేడియో స్టేషన్లలో అందులోని "ది సౌండ్ ఆఫ్ సైలెన్స్" వినబడటం మొదలైంది. అది చూసి నిర్మాత టామ్ విల్సన్ 1965లో, వాళ్లకి చెప్పకుండానే, పాత గొంతుల మీద ఎలక్ట్రిక్ గిటారు, బేస్, డ్రమ్స్ చేర్పించాడు. 1966 జనవరిలో ఆ పాట అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. చాలామంది దీన్ని "ఓపిక పడితే కాలమే కలిసొస్తుంది" అనే ధైర్యానికి చెబుతారు. నాకు కనబడేది వేరు. గొంతులు మారలేదు, వాటి చుట్టూ ఉన్న సౌండ్ మారింది.

ఆ కోనసీమ అక్కా తమ్ముళ్ల ఆల్బమ్‌లో మూడో పాట వాళ్లు మళ్లీ పాడుతున్నారు. మిగతావాటికి గొంతుల ట్రాకులు అలాగే ఉంచి కొత్తగా మిక్స్ మొదలుపెట్టాం. పంటు చప్పుళ్లు తీసేయనివ్వలేదు నేను, పాట చివరికి జరిపించాను.