హన్నా కుట్టిన చిన్న అంగీ

నా బంగారు మనవలకు అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో మీరు అడిగారు కదా, "బైబిల్లో పిల్లల్లేని వాళ్లకి దేవుడు పిల్లల్ని ఇచ్చాడు, మరి మన పక్కింటి ఆంటీకి ఎందుకివ్వలేదు? ఆవిడేమైనా తప్పు చేసిందా?" అని. ఆ రెండో ప్రశ్న విని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

తప్పు చేయలేదర్రా. లూకా సువార్త మొదటి అధ్యాయం తీయండి. జెకర్యా, ఎలీసబెతు ఇద్దరూ దేవుని దృష్టికి నీతిమంతులని లూకా ముందు రాశాడు. వాళ్లకు పిల్లలు లేరని ఆ తర్వాతే రాశాడు. ఆ వరస చూశారా? ఊళ్లో వాళ్లు ఏమనుకుంటారో తెలిసే అలా రాశాడనిపిస్తుంది నాకు. అబ్రాహాము భార్య శారా సంగతి మీకు తెలుసు. 90 ఏళ్ల వయసులో బిడ్డంటే గుడారంలో తనలో తాను నవ్వుకుంది, ఆ నవ్వే ఆమె కొడుకు పేరైంది; ఇస్సాకు అంటే నవ్వు అనే కదా. ఇస్సాకు భార్య రిబ్కా పెళ్లయ్యాక 20 ఏళ్లు ఎదురుచూసింది.

నాకు మాత్రం హన్నా అంటే ప్రాణం. ఎల్కానాకు ఇద్దరు భార్యలు. పెనిన్నాకు పిల్లలున్నారు, హన్నాకు లేరు. ఏటేటా షిలోహులోని దేవుని మందిరానికి వెళ్లినప్పుడల్లా పెనిన్నా దెప్పేది, హన్నా అన్నం మానేసి ఏడ్చేది. భర్త మంచివాడే. "పదిమంది కొడుకుల కంటే నేను నీకు ఎక్కువ కాదా?" అన్నాడు పాపం. ఆ మాటతో తీరే బాధా అది? మందిరంలో పెదవులు మాత్రమే కదుపుతూ ప్రార్థన చేస్తుంటే, యాజకుడు ఏలీ తాగి ఉందనుకున్నాడు. అంత పెద్దాయనకీ ఆమె దుఃఖం అర్థం కాలేదు. ఆమె తన బాధ చెప్పుకున్నాక, క్షేమంగా వెళ్లమన్నాడు. అప్పుడు వెళ్లి భోజనం చేసింది, ఆమె ముఖంలో దుఃఖం పోయింది. కొడుకు సమూయేలు కడుపున పడకముందే పోయింది! బిడ్డ పుట్టాకే దేవుడు ఆమెను లెక్కలోకి తీసుకున్నాడని ఎవరైనా అంటే, మొదటి సమూయేలు గ్రంథం మొదటి అధ్యాయంలోని ఈ వచనం చూపించండి.

మా అత్తయ్యకు పిల్లలు పుట్టలేదు. శ్రీమంతాలకు ఆమెను పిలిచేవాళ్లు కాదు, పిలిచినా గాజులు తొడగనిచ్చేవాళ్లు కాదు. చర్చిలో పక్కనే కూర్చునే వాళ్లే 'గొడ్రాలు' అన్నారు ఒకసారి. నేను అక్కడే ఉన్నాను, ఆమెకూ వినబడింది. చేతిలో పాటల పుస్తకం మూసి మళ్లీ తెరిచింది, అంతే. నాకప్పుడు పదేళ్లు. ఏమీ అనలేకపోయానన్న బాధ ఇప్పటికీ ఉంది.

హన్నా పాలు మాన్పించాక సమూయేలును మందిరంలో అప్పగించి వచ్చేసింది. ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేదట. ఏడాదికోసారి చూసే బిడ్డ ఎంత ఎదిగాడో, చేతులు ఎంత పొడుగు పెట్టాలో అంచనా మీదే కుట్టి ఉంటుంది. అది చదివినప్పుడల్లా నాకు అత్తయ్య కుట్టుమిషనే గుర్తొస్తుంది. క్రిస్మస్‌కు మా అందరికీ గౌన్లు ఆమే కుట్టేది. వచ్చే ఏడాదికి మేం పొడుగవుతామని, అంచు లోపలికి రెండు మడతలు ఎక్కువ వేసి ఉంచేది.

మీ అమ్మమ్మ