పదే పదే అడగొద్దు, వచ్చాక చెబుతాం

2008 జులైలో ఒక్క రోజు లెక్క ఇది. ఫ్రెండ్‌ఫీడ్ అనే సైటు తన సభ్యుల్లో 45 వేల మందికి పైగా కొత్త ఫొటోలు పెట్టారేమో చూద్దామని ఫ్లికర్ సర్వర్లను ఏకంగా 29 లక్షల సార్లు అడిగింది. తలా 60 సార్లకు పైమాటే. నిజానికి వాళ్లలో ఆ రోజు ఫ్లికర్‌లోకి వెళ్లినవాళ్లు ఏడు వేల మంది కూడా లేరు. ఇంటర్ ఫలితాలు కాసేపట్లో వస్తాయనగా పిల్లలు, అమ్మానాన్నలు, మేనమామలు అంతా ఒకే పేజీని రిఫ్రెష్ కొడుతూ కూర్చుంటే జరిగేదీ ఇదే. ఫలితం రాకముందే సైటు పడుకుంటుంది. ఇలా ఊరికే అడుగుతూ ఉండటాన్ని ఇంజినీర్లు పోలింగ్ అంటారు.

దీనికి విరుగుడుగా 2009లో గూగుల్‌లో పనిచేస్తున్న బ్రాడ్ ఫిట్జ్‌ప్యాట్రిక్, బ్రెట్ స్లాట్‌కిన్ ఒక ప్రోటోకాల్, అంటే సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే నియమావళి, తెచ్చారు. పేరు పబ్‌సబ్‌హబ్బబ్. నోరు తిరగని పేరే గానీ పని తేలిక. రాసేవాడు పబ్లిషర్, కావాలనేవాడు సబ్‌స్క్రైబర్, మధ్యలో ఒక హబ్. పబ్లిషర్ తన పేజీలో ‘నా హబ్ ఫలానా’ అని ఒక లింకు పెడతాడు. సబ్‌స్క్రైబర్ ఆ హబ్ దగ్గరికి వెళ్లి, ఏ పేజీ కావాలో, కొత్తది వస్తే ఏ చిరునామాకు పంపాలో చెబుతాడు. ఆ చిరునామాను కాల్‌బ్యాక్ అంటారు. కొత్త పోస్టు పడగానే పబ్లిషర్ హబ్‌కు ఒక్క మాట చెబితే చాలు, వేల మందికి పంచే బాధ్యత హబ్‌ది.

ఇందులో ఒక చిక్కుంది. మీ సర్వర్ అంటే గిట్టనివాడు మీ చిరునామా ఇచ్చి, వెయ్యి పేజీలకు మీ పేరున చందా కట్టేస్తే? అడగని సరుకంతా మీ గుమ్మంలో పడుతుంది. అందుకే హబ్ ఎవరి మాటనూ నమ్మదు. చందా అడగ్గానే, ఆ చిరునామాకే ఒక యాదృచ్ఛిక అక్షరాల గుత్తిని పంపిస్తుంది. దాని పేరు ఛాలెంజ్. నిజంగా చందా కోరిన సర్వర్ ఆ అక్షరాలను ఉన్నవున్నట్టు తిప్పి పంపుతుంది. కోరని సర్వర్ ‘నాకేం తెలీదు’ అన్నట్టు 404 ఇస్తుంది. అక్కడితో కథ ముగుస్తుంది. పాస్‌వర్డుల్లేవు, ఖాతాల్లేవు. ఈ ప్రోటోకాల్ మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

ఇక సవరణల సంగతి. స్పెసిఫికేషన్ అంటే ప్రోటోకాల్ నియమాలు రాసిన ఒక పత్రం, అంతే. దాన్ని చదివి ముక్కూమొహం తెలియని వేలమంది తమ తమ ప్రోగ్రాములు రాసుకుంటారు. ఒక కంపెనీ తన యాప్‌ను మార్చాలంటే రాత్రికి రాత్రి అప్‌డేట్ వదిలేస్తుంది. బహిరంగ ప్రోటోకాల్‌కు ఆ సుఖం లేదు. పత్రంలో ఒక వాక్యం కొట్టేసినంత మాత్రాన, దాన్ని నమ్మి రాసిన ప్రోగ్రాములు ఎక్కడో నడుస్తూనే ఉంటాయి. కాబట్టి కొత్తది చేర్చడం కంటే ఉన్నది తీసేయడానికే ఎక్కువ ధైర్యం కావాలి.

0.3 వెర్షన్ 2010లో వచ్చింది. అది ఆటమ్, ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ల కోసం, అంటే సైట్లు తమ కొత్త పోస్టుల్ని ప్రోగ్రాములు చదివేలా ఇచ్చే జాబితాల కోసం రాసినది. ఛాలెంజ్‌ను హబ్ అప్పటికప్పుడు పంపాలా, తర్వాత వీలు చూసుకుని పంపాలా అన్నది అందులో సబ్‌స్క్రైబరే ఎంచుకోవాలి. తర్వాత 0.4లో ఆ ఎంపిక పోయింది. ఫీడ్లకే అన్న షరతూ పోయింది, ఏ రకం పేజీకైనా చందా కట్టొచ్చు. చందా అడిగేటప్పుడు రహస్యంగా జతచేసే ‘వెరిఫై టోకెన్’ కూడా పోయింది. కాల్‌బ్యాక్ చిరునామానే ఎవరూ ఊహించలేనట్టు, ఒక్కో చందాకు ఒక్కోటిగా పెట్టుకుంటే ఆ టోకెన్ చేసే పని అదే చేస్తుంది. మరి పాత పద్ధతిలో రాసినవాళ్ల గతేమిటి? తనకు అర్థం కాని అదనపు వివరాలేమైనా వస్తే హబ్ వాటిని తప్పనిసరిగా వదిలేయాలి అని ఒక్క వాక్యం పెట్టారు. పాత సబ్‌స్క్రైబర్ టోకెన్ పంపుతూనే ఉంటాడు, కొత్త హబ్ పట్టించుకోకుండా తన పని తాను చేసుకుపోతుంది.

తీసేసిన వాటిలో ఒకటి మాత్రం నాకు మింగుడు పడలేదు. కొత్తది వచ్చిందని పబ్లిషర్ హబ్‌కు చెప్పే తీరు 0.3లో స్పష్టంగా ఉండేది. ఇప్పుడది వాళ్లిద్దరూ ఎలా అనుకుంటే అలా. పబ్లిషర్ తన హబ్‌ను తానే నడుపుకోవచ్చు కదా, మధ్యలో మనకెందుకు అన్నది వాదన. సబబే. కానీ ఆచరణలో పేరున్న హబ్‌లు ఆ పాత తీరునే ఒప్పుకుంటున్నాయి, పబ్లిషర్లూ అదే వాడుతున్నారు. పత్రంలో లేనిదాన్ని పత్రం బయట వెతుక్కుని నేర్చుకోవాల్సి రావడం కొత్తవాళ్లకు తలనొప్పే.

తర్వాత ఈ పని వెబ్ ప్రమాణాలు రూపొందించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియంలోని సోషల్ వెబ్ వర్కింగ్ గ్రూప్ చేతికి వెళ్లింది. అక్కడ తొలి డ్రాఫ్ట్ 2016 అక్టోబరులో వచ్చింది, ఆ తర్వాత పేరు వెబ్‌సబ్‌గా మారింది. ఎడిటర్లు జూలియెన్ జెనెస్తూ, ఆరన్ పరెకీ. అక్కడి నియమాలు గట్టివి. ఎవరైనా అభ్యంతరం లేవనెత్తితే దానికి జవాబు చెప్పాలి. ఒక్కో ఫీచర్‌నూ కనీసం రెండు బృందాలు విడివిడిగా రాసి నడిపి చూపించాలి, లేకపోతే ఆ ఫీచర్ పత్రంలో నిలవదు. ఇందుకోసం పరెకీ ఏకంగా ఒక పరీక్షల సైటే కట్టారు. ఎవరి హబ్ అయినా, సబ్‌స్క్రైబర్ అయినా అక్కడికొచ్చి పాసో ఫెయిలో తేల్చుకోవచ్చు.

వాదనలు ఎక్కువగా జరిగేది చిన్న మాటల దగ్గరే. ఇలాంటి పత్రాల్లో మస్ట్, షుడ్, మే అనే మూడింటికీ 1997 నుంచే కచ్చితమైన అర్థాలున్నాయి: చేసి తీరాలి, చేయడం మంచిది, మీ ఇష్టం. ఒక ఉదాహరణ. హబ్ పంపే సందేశంపై ముందే ఒప్పుకున్న రహస్యంతో లెక్కగట్టిన సంతకం ఉంటుంది. సంతకం తప్పితే సబ్‌స్క్రైబర్ ఏం చేయాలి? లోపల ఆ సందేశాన్ని పారేసి, పైకి మాత్రం ‘అందింది’ అనే చెప్పి తీరాలి అంది 0.3. తప్పని చెబితే, సంతకాన్ని ఊహించడానికి ప్రయత్నించేవాడికి మనమే ఆనవాలు ఇచ్చినట్టవుతుంది. వెబ్‌సబ్‌లో సందేశాన్ని పారేయడం తప్పనిసరిగానే ఉంది గానీ, ‘అందింది’ అనడం మీ ఇష్టం అయింది. హబ్‌లోనే పొరపాటుంటే దాన్ని నడిపేవాళ్లకు ఇప్పుడు తెలిసే వీలుంది. సంతకం లెక్కగట్టే పద్ధతీ మారింది. సందేశానికో ఫైలుకో వేలిముద్ర లాంటి చిన్న ముద్ర లెక్కగట్టే ఎస్‌హెచ్‌ఏ-1తో సరిపెట్టుకోకుండా 256, 384, 512 రకాలకూ చోటిచ్చారు. డ్రాఫ్ట్ నడుస్తుండగానే, 2017 ఫిబ్రవరిలో, గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు ఎస్‌హెచ్‌ఏ-1కు ఒకే ముద్ర వచ్చే రెండు వేర్వేరు ఫైళ్లను తయారుచేసి చూపించారు.

2018 జనవరి 23న వెబ్‌సబ్ అధికారిక ప్రమాణం అయింది. అదే గ్రూపు నుంచి అదే రోజు, వేర్వేరు సోషల్ నెట్‌వర్క్ సర్వర్లను కలిపే యాక్టివిటీపబ్ అనే ప్రమాణం కూడా బయటికొచ్చింది. పబ్‌సబ్‌హబ్బబ్‌ను వాడుకుంటూ పెరిగిన, ట్విటర్ లాంటి మాస్టడాన్ అప్పటికే యాక్టివిటీపబ్ వైపు వెళ్లిపోయింది. యూట్యూబ్ మాత్రం ఛానెల్‌లో కొత్త వీడియో పడితే ఇతర ప్రోగ్రాములకు తెలిపే పనికి ఈ ప్రోటోకాల్‌నే వాడింది, అదీ పాత పేరుతోనే.

కొట్టేసిన ఆ వెరిఫై టోకెన్ కూడా ఎక్కడికీ పోలేదు. తొలి వెర్షన్లను చూసి ఫేస్‌బుక్ తన నోటిఫికేషన్ల పద్ధతిని రూపొందించుకుంది, అది వాట్సాప్ బిజినెస్‌కూ వచ్చింది. ఇవాళ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఓ షాపు కోసం వాట్సాప్ బాట్ కడుతున్న కుర్రాడు ముందుగా చేయాల్సిన పని, తన సర్వర్‌కు వచ్చే రిక్వెస్టులో వెరిఫై టోకెన్ సరిచూసి, ‘హబ్ డాట్ ఛాలెంజ్’ అనే విలువను తిప్పి పంపడం. అక్కడ హబ్ అనే మాటకు పనేమిటో ఆ డాక్యుమెంటేషన్ చదివితే అర్థం కాదు.