జిన్ వీధిలో తాకట్టు కొట్టు

అమ్మడూ, చిన్నోడా,

మొన్న సెలవలకి వచ్చినప్పుడు నా పాత బొమ్మల పుస్తకం తిరగేస్తూ ఒక పేజీ దగ్గర ఇద్దరూ పకపకా నవ్వారు. కుక్కతో పోటీపడి ఎముక కొరుకుతున్న మనిషిని చూసి చిన్నోడైతే చాప మీద దొర్లాడు. నవ్వినందుకు నాకేం కోపం లేదర్రా, బొమ్మ వేసినాయన నవ్వించడానికే వేశాడు. కానీ ఇంకాసేపు చూడాల్సిన బొమ్మ అది. ఈలోగా మీ అమ్మ అన్నానికి పిలిచింది.

ఆ బొమ్మ పేరు ‘జిన్ లేన్’. లండన్‌లో విలియం హోగార్త్ అనే ఆయన 1751లో రాగి రేకు మీద చెక్కి, అచ్చువేసి, ఒక్కో ప్రతినీ ఒక షిల్లింగుకి అమ్మాడు. జిన్ అంటే ధాన్యం నుంచి బట్టీలో కాచిన సారాయే. అంతకు అరవై ఏళ్ల ముందు, 1690లో, బట్టీలు పెట్టుకోమని ప్రోత్సహించింది అక్కడి ప్రభుత్వమే! భూస్వాముల ధాన్యం అమ్ముడుపోవాలి కదా. తీరా ఊరు తాగుడులో మునిగాక, 1736లో, జిన్ అమ్మే లైసెన్సు ఏడాదికి 50 పౌన్లన్నారు. లైసెన్సు తీసుకున్నవాడు దాదాపు లేడు, దొంగచాటు అమ్మకం మాత్రం జోరుగా సాగింది.

బొమ్మ మధ్యలో మెట్ల మీద ఒక తల్లి ముక్కుపొడుం తీసుకుంటోంది. చేతిలోంచి బిడ్డ జారి కిందికి పడిపోతున్నాడు. ఆమెకి ఆ ఎరుకే లేదు. నాకు ఆమెని చూస్తే 1734 నాటి సంగతి గుర్తొస్తుంది. జుడిత్ డిఫోర్ అనే ఆవిడ తన రెండేళ్ల పాపని చంపి, ఒంటిమీది కొత్త బట్టలు అమ్మి జిన్ తాగింది. పిల్లలకి రాయదగ్గది కాదు గానీ, మీకు పన్నెండు దాటాయి.

ఇప్పుడు ఎడమ పక్క చూడండి. తాకట్టు కొట్టు. వడ్రంగి రంపం ఇచ్చేస్తున్నాడు. రంపం పోయాక రేపటి కూలి ఎక్కణ్నుంచి వస్తుంది? వెనకే ఒక ఇల్లాలు వంటగిన్నెలు పట్టుకుని నిలబడింది.

దీనికి జంటగా ‘బీర్ స్ట్రీట్’ అని ఇంకో బొమ్మ వేశాడు. అక్కడ దాదాపు అందరూ బొద్దుగా, సుఖంగా ఉంటారు, పాడుబడింది తాకట్టు కొట్టొక్కటే. ఇక్కడ మాత్రం హోగార్త్‌తో నాకు పేచీ. హాలండు నుంచి వచ్చిన జిన్ చెడ్డదట, సొంత దేశపు బీరు బలమట! ఇది తాగుబోతు చెప్పే లెక్కే.

మా చిన్నప్పుడు మా వీధి చివరింట్లోంచి మొదట ఇత్తడి బిందె తాకట్టుకి వెళ్లింది, తర్వాత గంగాళం. ఇంటాయన తూలుతూ నడిచే నడకని మేం పిల్లలం అనుకరించేవాళ్లం. ఆయన భార్య మట్టికుండతో నీళ్లకి వచ్చిన రోజున నవ్వలేదని రాయాలనుంది గానీ, నవ్వాం.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వెళ్లే రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు వాచకంలో సారా మీద పాఠం చదివి, లేచి వెళ్లి ఊళ్లో సారా దుకాణం మూయించారు. మరుసటేడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995లో మద్యం మొత్తం ఆపారు, రెండేళ్లకే మళ్లీ తెరిచారు. ఖజానా అక్కడా ఇక్కడా ఒకటే.

పుస్తకం అలమారలో పై అరలో పెట్టాను. ఆ జిన్ వీధిలో బాగా సాగుతున్న వ్యాపారాలు మూడున్నాయి. ఒకటి నేను చెప్పేశాను. మిగతా రెండూ దసరాకి వచ్చి మీరే వెతకండి.

మీ తాతయ్య