రంగు మచ్చను నిలదీసిన శాస్త్రవేత్త

మెదడు బొమ్మ ఒకటి, అందులో ఎర్రగానో పసుప్పచ్చగానో వెలిగే మచ్చ ఒకటి, కింద ‘భయం పుట్టేది ఇక్కడే’ అన్న తరహా వాక్యం. ఇలాంటి వార్తలు మనకు అలవాటైపోయాయి. నిజానికి మెదడులో ఆ రంగూ ఉండదు, ఆ వెలుగూ ఉండదు. మెదడు పనిచేస్తుండగా దాన్ని బొమ్మ తీసే ఎఫ్ఎంఆర్ఐ స్కానర్‌కి న్యూరాన్ల, అంటే నాడీకణాల పని నేరుగా కనపడదు, ఆ పని వెనకాలే వచ్చే రక్తం కనపడుతుంది. మెదడులో ఒక చోట న్యూరాన్లు చురుగ్గా పనిచేస్తే అక్కడికి ఆక్సిజన్ నిండిన రక్తం అవసరానికి మించి వచ్చిపడుతుంది. రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది హిమోగ్లోబిన్. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్ అయస్కాంత గుణం వేరు, ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్‌ది వేరు. ఈ తేడాను స్కానర్‌తో పట్టుకోవచ్చని సీజీ ఒగావా బృందం 1990లో ఎలుకల మీద చూపించింది. 1992 కల్లా అదే పని మనుషుల్లోనూ జరిగింది.

చిక్కేమిటంటే రక్తం తీరిగ్గా వస్తుంది. న్యూరాన్లు సెకనులో చిన్న భాగంలోనే పని ముగించేస్తే, సిగ్నల్ తారస్థాయికి చేరడానికి ఐదారు సెకన్లు పడుతుంది. స్కాన్‌లో ఒక్కో చుక్క వెనక లక్షల న్యూరాన్లుంటాయి. ఇక ఆ రంగంటారా, ‘దాన్ని చూసినప్పటికంటే దీన్ని చూసినప్పుడు ఇక్కడ సిగ్నల్ ఎక్కువ’ అనే లెక్కకు మనం పెట్టుకున్న గుర్తు, అంతే.

ఇంత మోటు పరికరంతో నమ్మదగిన సంగతి ఏమైనా రాబట్టగలమా? మెదడును అధ్యయనం చేసే అమెరికా శాస్త్రవేత్త నాన్సీ కాన్విషర్ పరిశోధన జీవితం చూస్తే రాబట్టొచ్చనే అనిపిస్తుంది. కాకపోతే మచ్చ కనపడగానే పండగ చేసుకోకూడదు. దాన్ని నిలదీయాలి.

ఆమె 1958లో పుట్టారు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, అంటే ఎంఐటీలో జీవశాస్త్రం చదివి, అక్కడే మేరీ పాటర్ దగ్గర 1986లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. అప్పటి పరిశోధనలో స్కానర్ ఊసే లేదు. తెర మీద పదాలు ఒకదాని వెంట ఒకటి గబగబా మెరిసిపోతాయి. మధ్యలో ఒక పదం రెండోసారి వస్తే చూసేవాళ్లు దాన్ని గమనించరు, అది లేకపోతే వాక్యానికి అర్థమే లేకపోయినా సరే. కన్ను చూసినదంతా మనకు తెలిసిపోదని ఇంత సులువుగా చూపించే ప్రయోగాలు తక్కువ. ఆ తరవాత ఆమె కొంతకాలం ప్రపంచ శాంతి, భద్రతల అధ్యయనానికి ఇచ్చే ఫెలోషిప్ మీద వేరే దారి పట్టారు. నేరుగా మెట్లెక్కి పోయే శాస్త్రవేత్తలు మనం అనుకునేంత మంది ఉండరు. మళ్లీ వెనక్కొచ్చి, బర్క్‌లీలో మనస్తత్వ శాస్త్రవేత్త యాన్ ట్రీస్మన్ దగ్గర పనిచేసి, లాస్ ఏంజెలెస్, హార్వర్డ్ మీదుగా 1997లో ఎంఐటీకే చేరారు.

మనిషి మెదడును కోయకుండా, సూది గుచ్చకుండా చూడొచ్చన్న కబురు 1990ల మొదట్లో వచ్చినప్పటినుంచీ ఆమె స్కానర్ కోసం ప్రయత్నిస్తూనే ఉన్నారు. బోస్టన్‌లో అవకాశం దొరికాక మొదట స్కానర్‌లో పడుకున్నది ఆమే. తల కదలకుండా గంటల తరబడి ముఖాల ఫొటోలు, వస్తువుల ఫొటోలు మార్చి మార్చి చూశారు. ఈ పరిశోధనకు కావలసిన ముఖ్యమైన నైపుణ్యాల్లో మూత్రం ఆపుకోగలగడం ఒకటని తరవాత ఒక ప్రసంగంలో సరదాగా అన్నారు. ఫలితం చూస్తే, మెదడు అడుగుభాగాన, కుడివైపు, వస్తువులకంటే ముఖాలకు ఎక్కువగా స్పందించే చిన్న చోటు తేలింది. గాలివాటంగా వచ్చిందేమోనని మళ్లీ వెళ్లి పడుకున్నారు. అదే చోటు.

ముఖాలకు మెదడులో ప్రత్యేక ఏర్పాటు ఉండొచ్చన్న అనుమానం అప్పటికే ఉంది. మెదడు దెబ్బతిన్న కొందరు మిగతావన్నీ బాగానే గుర్తుపడుతూ, తెలిసినవాళ్ల ముఖాల్ని మాత్రం పోల్చుకోలేరు. ఈ లోపానికి జర్మన్ వైద్యుడు బోడామర్ 1947లో పేరు పెట్టాడు. కోతుల మెదడులో ముఖాలకు స్పందించే కణాలు ఉన్నాయని 1970ల నుంచే చార్లెస్ గ్రాస్ చెబుతూ వచ్చారు. మనుషుల్ని స్కాన్ చేసిన వేరే బృందాలకూ దాదాపు ఆ ప్రాంతంలోనే ముఖాలకు స్పందన కనపడింది. కాబట్టి మచ్చను చూసినవాళ్లలో కాన్విషర్ మొదటివారేం కాదు. నా దృష్టిలో ఆమె గొప్పతనం ఆ తరవాత వేసిన ప్రశ్నల్లో ఉంది.

ముఖాలకు స్పందన ఎక్కువగా ఉందంటే కారణం ముఖమే కానక్కర్లేదు. బొమ్మలో వెలుగునీడల తేడా కావచ్చు. అయితే అదే ముఖాన్ని ముక్కలు చేసి కలగాపులగం చేస్తే? స్పందన పడిపోయింది. ఒకే రకం వస్తువులు వరసగా చూడటం వల్ల కావచ్చు. అయితే వరసగా ఇళ్లు చూపిస్తే? అప్పుడూ తక్కువే. మనిషి శరీరంలో ఏ భాగం చూపించినా ఇలాగే ఉంటుందా? జుట్టు కప్పేసి పక్కకు తిరిగిన ముఖాల్ని చేతులతో పోల్చి చూశారు. ముఖాలదే పైచేయి. 1997లో జోష్ మెక్‌డెర్మాట్, మార్విన్ చున్‌లతో కలిసి అచ్చువేసిన పత్రంలో, పరీక్షించిన 15 మందిలో 12 మందికి ఈ చోటు కనపడిందని రాశారు. అది ఉన్న మెదడు మడత పేరుతో కలిపి దానికి ఫ్యూజిఫామ్ ఫేస్ ఏరియా అని పేరు పెట్టారు.

ఆ పత్రంలో పద్ధతి కూడా ముఖ్యమే. మెదడు మడతలు ఏ ఇద్దరిలోనూ ఒకేలా ఉండవు. అందరి స్కాన్లూ కలిపి సగటు తీస్తే చిన్న చోటు అలుక్కుపోతుంది. అందుకే ముందు ఒక్కొక్కరిలో ఆ చోటు ఎక్కడుందో విడిగా గుర్తించి, తరవాత కొత్తగా తీసిన స్కాన్లతో దాన్ని పరీక్షించారు. ఏ డేటాతో చోటును ఎంచుకున్నామో ఆ డేటానే రుజువుగా చూపించుకునే తప్పు దీనివల్ల తప్పింది. ఆ తప్పు చాలామంది చాలా ఏళ్లు చేస్తూనే ఉన్నారు.

తరవాత రసెల్ ఎప్‌స్టైన్‌తో కలిసి 1998లో పరిసరాల దృశ్యాలకు స్పందించే చోటును, 2001లో పాల్ డౌనింగ్ తదితరులతో కలిసి శరీర భాగాలకు స్పందించే చోటును ప్రకటించారు. విమర్శలూ గట్టిగానే వచ్చాయి. ముఖాల చోటుగా చెబుతున్నది నిజానికి ముఖాలది కాదు, నైపుణ్యానిది, పక్షుల నిపుణులు పక్షుల్ని చూసినా అక్కడ స్పందన పెరుగుతుందని ఇసబెల్ గోతియే వాదించారు. సమాచారం ఒక్కచోట కాకుండా విశాలంగా పరుచుకుని ఉంటుందని 2001లో జేమ్స్ హాక్స్‌బీ బృందం చూపింది. ఈ వాదన ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. అదీ మంచికే అంటాను. అవతలి పక్షం గట్టిగా ఉండబట్టే ఇన్ని ప్రయోగాలు జరిగాయి.

స్కానర్‌కి ఒక పరిమితి ఉంది. ఒక చోట స్పందన ఉందని చెబుతుంది గానీ, చూడటానికి ఆ చోటు అవసరమో కాదో చెప్పదు. ఆ జవాబులు వేరేచోట్ల దొరికాయి. డోరిస్ సావో, విన్‌రిచ్ ఫ్రైవాల్డ్ బృందం కోతుల మెదడులో స్కానర్‌తో ముఖాల చోటును వెతికి, సరిగ్గా అక్కడే ఎలక్ట్రోడ్ దించి 2006లో ఫలితం ప్రకటించింది. దృశ్యాలకు స్పందించిన కణాల్లో 97 శాతం ముఖాలవే. 2012లో స్టాన్‌ఫర్డ్ బృందం మూర్ఛ చికిత్స కోసం మెదడు మీద ఎలక్ట్రోడ్లు అమర్చిన ఒక రోగిలో ముఖాల చోటును విద్యుత్తుతో ప్రేరేపించింది. ఎదురుగా ఉన్న డాక్టరు ముఖం రూపు మారిపోయిందని ఆ రోగి చెప్పాడు. మిగతా గది మాత్రం మారలేదు. 2024లో కాన్విషర్, సావో, ఫ్రైవాల్డ్ ముగ్గురికీ నాడీశాస్త్రంలో కావ్లీ బహుమతి అనే అంతర్జాతీయ పురస్కారం వచ్చింది.

అన్నీ ఆమె ఊహించినట్టే జరిగాయనుకోకండి. 2022లో మీనాక్షి ఖోస్లా, అపూర్వ రతన్ మూర్తిలతో కలిసి, ఎనిమిది మంది వేల ఫొటోలు చూసిన భారీ స్కాన్ సమాచారాన్ని జల్లెడ పట్టారు. ఫలానా దానికోసం వెతకమని కంప్యూటర్‌కి చెప్పలేదు. ముఖాలు, దృశ్యాలు, శరీరాలు, అక్షరాలతో పాటు ఎవరూ అడగని ఆహారం కూడా పైకొచ్చింది. అంతకు రెండేళ్ల ముందు ఇదే మూర్తి నడిపిన పరిశోధనలో, పుట్టుకతో చూపులేనివాళ్లు త్రీడీ ప్రింటర్‌తో చేసిన ముఖాల్ని చేత్తో తడిమితే, ముఖాల చోటులోనే స్పందన వచ్చింది. అంటే ఆ చోటు ఏర్పడటానికి చూసిన అనుభవం తప్పనిసరి కాదన్నమాట.

మరి ఏ పని ఎక్కడ స్థిరపడాలో ఏది నిర్ణయిస్తుంది? దీనికి పనికొచ్చే ఆధారం అక్షరాల దగ్గర దొరికింది. రాత పుట్టి సుమారు 5,000 ఏళ్లే అయింది కాబట్టి, చదవడం కోసమే మెదడులో ఒక చోటు పరిణామంలో తయారై ఉండదు. అయినా చదువు వచ్చినవాళ్లందరిలో అక్షరాల చోటు దాదాపు ఒకే ప్రాంతంలో ఉంటుంది. జేనెప్ సైగిన్, కాన్విషర్ తదితరులు ఇంకా చదవడం రాని ఐదేళ్ల పిల్లల మెదడులో ఏ భాగం దేనితో కలిసి ఉందో స్కాన్ చేసి, ఎనిమిదేళ్లు వచ్చాక అవే మెదళ్లను మళ్లీ చూశారు. ఐదేళ్లప్పుడు ఆ చోటులో అక్షరాలకు ప్రత్యేక స్పందన లేదు. కానీ ఎనిమిదేళ్లకు అది ఎక్కడ వస్తుందో ఒక్కొక్కరి మెదడులో ఐదేళ్లప్పటి నాడీ తీగల అమరికను బట్టే అంచనా కట్టగలిగారు.